అరగంట ముఖాముఖి: రేడియోలో లోతుగా మాట్లాడించడం ఎలా

అరగంట స్లాటులో సిగ్నేచర్ ట్యూను, పరిచయం, ముగింపు ప్రకటన పోను మాటకు మిగిలేది 26, 27 నిమిషాలు. అందులో పది విషయాలు అడగాలనుకుంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు దక్కుతుంది. వచ్చినాయన పత్రికలవాళ్లకు చెప్పిందే మీకూ చెప్పి వెళ్లిపోతాడు. అదే మూడు విషయాలు పెట్టుకుని, ఒక్కోదాని మీద వరసగా నాలుగైదు ప్రశ్నలు వేస్తే, ఆయన ఇంటి దగ్గర సిద్ధం చేసుకున్న మాటలు రెండో ప్రశ్నకే అయిపోతాయి. మూడో ప్రశ్నకు ఆలోచించుకుని చెప్పాల్సి వస్తుంది. వినేవాళ్లు రేడియో కట్టేయకుండా కూర్చునేది అక్కడే. కింద రాసిన పద్ధతంతా ఆ మూడో ప్రశ్న దాకా చేరడం కోసమే.

మొదట లైసెన్సు చూసుకోండి

గెస్టుకు ఫోన్ చేసే ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకూ, కమ్యూనిటీ రేడియోలకూ సొంతంగా వార్తలూ, వర్తమాన రాజకీయ వ్యవహారాలూ ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తల బులెటిన్‌ను మార్చకుండా యథాతథంగా రిలే చేయొచ్చు. స్థానిక ఉత్సవాలు, ఆటల పోటీలు, వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, కరెంటు, నీళ్ల సరఫరా, అధికారులు ఇచ్చే విపత్తు, ఆరోగ్య హెచ్చరికలు వంటివి వార్తల కిందికి రావు కాబట్టి వాటికి అడ్డు లేదు.

అంటే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న మొదలై దళిత మహిళల చేతుల్లో నడిచిన సంఘం రేడియో లాంటి స్టేషన్‌లో, మంత్రిగారిని కూర్చోబెట్టి నిన్నటి అసెంబ్లీ గొడవ మీద నిలదీయడం కుదరదు. గ్రామసభకు ఉన్న అధికారాలేమిటి, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఏమిచ్చింది, ఉపాధి హామీ పనికి దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి అన్నవి మాట్లాడొచ్చు. నిజానికి ఊరి జనానికి పనికొచ్చే రాజకీయం చాలావరకు ఇదే. నేరుగా రాజకీయ నాయకులతో వర్తమాన వ్యవహారాలు మాట్లాడాలంటే ఆకాశవాణి ఉంది, లేదంటే పాడ్‌కాస్ట్ ఉంది.

ఎన్నికల కాలంలో పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు, ఎన్నికల ఫలితాన్ని ప్రభావితం చేసేలా ఏదీ ప్రసారం చేయకూడదు. ముందే రికార్డు చేసి షెడ్యూలులో పెట్టిన పాత ఎపిసోడ్లు కూడా ఇందులోకి వస్తాయి. ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ వర్తిస్తుంది. పేరు తీసేసి గొంతు ఉంచితే సరిపోదు. ఊళ్లోవాళ్లు గొంతును బట్టే పోల్చుకుంటారు. కమ్యూనిటీ రేడియో అయితే ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచి ఉంచాలి. దాంతోపాటు ఎడిట్ చేయని అసలు రికార్డింగు కూడా ఉంచుకోండి. రేపు ఎవరైనా ‘నేనలా అనలేదు’ అంటే మిమ్మల్ని కాపాడేది అదే.

ఒక్క వాక్యం రాయండి

ఈ ఇంటర్వ్యూ దేని గురించో ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఇంకా తయారు కానట్టే. ‘జానపద కళల గురించి’ అనేది వాక్యం కాదు. ‘చేర్యాల పటం చూపిస్తూ కథ చెప్పే కుటుంబాలు తమకు దక్కిన ఊళ్లను ఎలా పంచుకున్నాయి, ఆ పంపకం ఇప్పుడేమైంది’ అనేది వాక్యం. ఇలా రాసుకోగానే ఏ పుస్తకం చదవాలో, ఎవర్ని పిలవాలో, ఏం అడగకూడదో కూడా తేలిపోతుంది.

దీన్నే ఉదాహరణగా తీసుకుందాం. తెలంగాణలో ఒక్కో కులానికీ ఆ కులపురాణం చెప్పే ఆశ్రిత బృందాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. వాళ్లు విప్పి చూపించే బొమ్మల పటాన్ని చేర్యాల ఊరి చిత్రకారులైన నకాషీలు వేస్తారు. ఈ మాత్రం తెలిసి వెళ్తే ‘మీ కళ గురించి చెప్పండి’ అనాల్సిన అవసరం రాదు. ‘మీ ఇంటికి ఏ ఏ ఊళ్లు మిరాశీ (వంశపారంపర్య హక్కు)? అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పటం ఎవరికి పోయింది? ఊళ్లు ఎలా పంచుకున్నారు? పటం పాతబడితే ఏం చేస్తారు?’ అని అడగొచ్చు. ఇలాంటి ప్రశ్న వినగానే ఎదుటి మనిషి కూర్చున్న తీరే మారిపోతుంది, తన పని గురించి తెలిసినవాళ్లతో మాట్లాడుతున్నానని.

అధికారి అయినా, నాయకుడైనా వస్తున్నాడంటే చదవాల్సినవి వేరు: సంబంధిత జీవో, బడ్జెట్ పుస్తకంలో ఆ పద్దు, అసెంబ్లీలో ఇచ్చిన జవాబు, కాగ్ (ప్రభుత్వ ఖర్చుల ఆడిటర్) నివేదిక ఉంటే అందులోని ఆ అధ్యాయం. పంచాయతీ ఖర్చులైతే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో, ఉపాధి హామీ మస్టర్లైతే (కూలీల హాజరు పట్టికలు) ఆ పథకం వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రావడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు కాబట్టి, దాని మీద ఆధారపడే ఇంటర్వ్యూ అయితే నెలన్నర ముందే మొదలుపెట్టండి. చదివిన దాంట్లోంచి నాలుగు అంకెలు, రెండు తేదీలు మాత్రం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఫైలు కట్ట బల్ల మీద పెట్టుకుంటే కావాల్సినప్పుడు కావాల్సిన పేజీ దొరకదు. పైగా మీరు కాగితాలు తిప్పే చప్పుడు మైకులో పడుతుంది.

ముందస్తు ఫోన్ కాల్ పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. విషయం ఏమిటి, ఎంతసేపు, లైవా రికార్డింగా, ఎడిట్ చేస్తారా, ఎప్పుడు వస్తుంది అన్నవి చెప్పండి. ప్రశ్నల జాబితా పంపమంటే విషయాలు మాత్రమే పంపండి. ప్రశ్నలు పంపితే పీఏ రాసిచ్చిన జవాబులు చదువుతారు, చదువుతున్నట్టు వినేవాళ్లకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇంకొకటి, అసలు ప్రశ్న ఫోన్లో అడిగేయకండి. మంచి సంగతి ఒకసారి ఫోన్లో చెప్పేశాక మైకు ముందు ‘అదే, ఆ రోజు చెప్పాను కదండీ’ అనే వస్తుంది, ఉప్పూ కారం పోయి.

ప్రశ్నల కాగితం

మూడు విషయాలకూ ఒక్కో మొదటి ప్రశ్న మాత్రం మాటకు మాట రాసుకోండి. తర్వాతవి రాసుకోవద్దు, జవాబును బట్టి రావాలి. ప్రతి విషయం కింద చేరాల్సిన చోటు ఒక్క పదంలో ఉంటే చాలు: ‘బిల్లు’, ‘పంపకం’, ‘కొడుకు’.

తెలుగులో ప్రశ్నకు ముందు ఉపన్యాసం ఇచ్చే అలవాటు మనకు బాగా ఉంది. ‘ఒకప్పుడు పల్లెల్లో కళలు విరాజిల్లేవి, టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చాక ఆదరణ తగ్గింది, ఇలాంటి పరిస్థితుల్లో మీరు ఎన్నో ఒడిదుడుకులు ఎదుర్కొని ఉంటారు, దీని మీద మీ అభిప్రాయం?’ దీనికి ‘అవునండీ, మీరన్నట్టే’ తప్ప వేరే జవాబు లేదు. చెప్పాల్సిందంతా మీరే చెప్పేశారు. ప్రశ్న ఒక్క ఊపిరిలో అయిపోవాలి. రెండు ప్రశ్నలు కలిపి అడిగితే వాళ్లు తేలికైనదానికే జవాబిస్తారు, రెండోది మీరూ మరిచిపోతారు.

‘మీకెలా అనిపించింది?’ అనేది రేడియోలో అరిగిపోయిన ప్రశ్న. ‘చాలా సంతోషంగా అనిపించింది’ అని వస్తుంది. బదులుగా దృశ్యం అడగండి. ఆ పూట ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, మొదట ఎవరు నోరు విప్పారు, ఇంటికెళ్లి ఎవరికి చెప్పారు. భావం దానంతట అదే బయటికొస్తుంది.

అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు వేయకూడదని చెబుతుంటారు. కళాకారుల దగ్గర అది సరే. పదవిలో ఉన్నవాళ్ల దగ్గర అలాంటి ప్రశ్నే పనికొస్తుంది. ‘ఆ ఫైలు మీద మీరు సంతకం పెట్టారా, లేదా?’ దానికి రెండు నిమిషాలు తిప్పి చెప్పినా, ఏది చెప్పలేదో వినేవాళ్లకు అర్థమవుతుంది.

గది, మైకు, లెవెల్

గదిలోకి వెళ్లగానే ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. ‘ఠణ్’ మని మోగితే ఆ గది వద్దు. స్లాబు, టైల్సు, ఒట్టి గోడలు ఉన్న కొత్త ఇళ్ల హాళ్లన్నీ ఇలాగే ఉంటాయి. పరుపు, బట్టల బీరువా, పుస్తకాలు ఉన్న పడకగది నయం. అదీ లేకపోతే చుట్టూ రెండు మూడు బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి. పెంకుటిల్లు, మట్టి గోడలు బాగా పనిచేస్తాయి. ఏదీ దొరక్కపోతే నీడలో నిలిపి, అద్దాలు ఎక్కించిన కారు. చూడ్డానికి నవ్వొచ్చినా చాలా స్టూడియోల కంటే శుభ్రమైన శబ్దం వస్తుంది.

ఫ్రిజ్, ఏసీ, ఇన్వర్టర్, ట్యూబ్‌లైటు చోకు ఆపించండి. కరెంటు నుంచి వచ్చే హమ్ 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాల దగ్గర ఉంటుంది. తర్వాత తీసేయొచ్చులే అనుకుంటే గొంతులో బరువు కూడా దాంతోపాటే పోతుంది. ల్యాప్‌టాప్ వాడితే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మే నెలలో ఫ్యాను ఆపి గంటసేపు కూర్చోబెట్టడం మాత్రం వద్దు, చెమట తుడుచుకునే మనిషి ఆలోచించి జవాబివ్వడు. పన్నెండు, పదిహేను నిమిషాలకోసారి ఆపి ఫ్యాను వేసి, మంచినీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టండి. గుడి మైకు, అజాన్, బడి గంట, పక్కింటి కుక్కరు ఎప్పుడు మోగుతాయో ఇంటివాళ్లను ముందే అడిగి తెలుసుకోండి. చేతి గాజులు బల్లకు తగులుతుంటే బల్ల మీద మడత తువ్వాలు పరిస్తే చాలు, గాజులు తీయమనక్కర్లేదు.

ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. సైలెంట్ చాలదు. సిగ్నల్ వెతుక్కునేటప్పుడు వచ్చే ‘టిక్ టిక్ టిక్’ మైకు వైర్లలోకి దిగుతుంది.

ఇద్దరికీ రెండు మైకులు పెట్టండి, రెండూ వేర్వేరు ట్రాకుల్లో పడాలి. మైకు వైరు పెట్టే మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు రెండున్న జూమ్, టాస్కామ్ రికార్డర్లలో ఏదైనా సరిపోతుంది. ఇంటి గదుల్లో, చిన్న చప్పుడునూ పట్టే కండెన్సర్ మైకు కంటే షూర్ ఎస్ఎమ్ 58 లాంటి డైనమిక్ మైకు మేలు, దూరపు చప్పుళ్లను అంతగా పట్టదు. కండెన్సర్ అయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (రికార్డరు నుంచి వైరు ద్వారా మైకుకు అందే కరెంటు) ఆన్ చేయడం మరవద్దు. నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం ఉండాలి, మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల వైపు నుంచి ఉండాలి. లేకపోతే ‘ప’, ‘భ’, ‘ఫ’ పలికినప్పుడల్లా గాలి కొట్టుకుంటుంది. రెండు మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లుండాలి. అంతకంటే దగ్గరైతే ఒకరి గొంతు రెండో మైకులో పడి, కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది.

రికార్డింగు వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రెండు ట్రాకులకు గంటకు ఒక జీబీ కంటే కాస్త ఎక్కువ పడుతుంది, 16 జీబీ కార్డులో పదిహేను గంటలు పడతాయి. కాబట్టి జాగా మిగల్చాలని ఎంపీ3లో రికార్డు చేయాల్సిన పని లేదు. లెవెల్ సరిచూడ్డానికి ‘హలో, మైక్ టెస్టింగ్’ అనిపించొద్దు, ఆ గొంతు వేరు, మాట్లాడే గొంతు వేరు. పొద్దున్న ఏం తిన్నారో, ఏ బస్సులో వచ్చారో అడగండి. మామూలు మాటకు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, నవ్వినప్పుడు మైనస్ 6 దాటకూడదు. సున్నా తాకితే గొంతు పగిలిపోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

కళాకారులతో అసలు చిక్కు ఇక్కడుంది. ఒగ్గుకథ చెప్పేవాళ్లతో మాట్లాడుతున్నారనుకోండి. మాట నెమ్మదిగా సాగుతుంటుంది, అంతలో ‘ఇదిగో, ఇట్లా ఎత్తుకుంటాం’ అని మల్లన్న కథ ఎత్తుకుంటారు. గొంతు ఒక్కసారిగా ఎన్నో రెట్లు లేస్తుంది. పక్కన డోలు కూడా ఉంటే లెవెల్ మార్చేలోపే క్లిప్ అయిపోతుంది, అంటే శబ్దం పగిలిపోతుంది. రెండు దారులున్నాయి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ వాడితే లెవెల్ దాటినా తర్వాత కిందికి దించుకోవచ్చు. అయినా డోలు మైకు మీదికే వస్తే మైకే తట్టుకోలేదు కాబట్టి దూరం పాటించాలి. రెండోది, మాటనూ పాటనూ విడిగా రికార్డు చేయడం. ముందు మాటంతా పూర్తి చేసి, తర్వాత మైకును నాలుగైదు అడుగుల వెనక్కి జరిపి, డోలు, తాళం, వంతలతో సహా ఒక ఘట్టం పూర్తిగా పాడించండి. మాటకు వేసుకున్న 80 హెర్ట్జ్ లో-కట్ (అంతకంటే లోతైన శబ్దాలను తగ్గించే ఫిల్టర్) అప్పుడు తీసేయాలి, లేకపోతే డోలు బరువంతా పోయి డబ్బా కొట్టినట్టు ఉంటుంది. మాట మధ్యలో తమంతట తాము పాడింది మాత్రం పారేయకండి. కాస్త పగిలినా సరే, అందులో ఉండే ఊపు రెండోసారి రాదు.

అంతా అయ్యాక ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అతుకులు కనబడకుండా చేసేది ఇదే. ఆ నిమిషంలో ఎవరో ఒకరు తప్పకుండా దగ్గుతారు, మళ్లీ చేయండి.

మైకు ముందు

మొదట గెస్టు చేతే పేరు, ఊరు, చేసే పని చెప్పించి, ఈ రికార్డింగును ఎడిట్ చేసి ప్రసారం చేయడానికి సమ్మతమేనని మాటలో అనిపించండి. లెవెల్ పరీక్షా అయిపోతుంది, సాక్ష్యమూ ఉంటుంది.

మనవాళ్లకు వింటున్నామని తెలియజేయడానికి ‘ఊ’, ‘ఆఁ’, ‘అవునండీ’, ‘కరెక్ట్’ అనకుండా ఉండలేం. ఎదురుగా కూర్చున్నప్పుడు అది మర్యాద. రేడియోలో అది ఎడిటర్ ప్రాణానికి వస్తుంది. రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట కోత పడదు. నాయకుడు ఆరోపణ చేస్తున్నప్పుడు మీరు ‘కరెక్ట్’ అంటే ఇంకా ఘోరం, మీరు ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. తల ఊపండి, కళ్లతో వినండి. మీరు ఊ కొట్టకపోతే కొందరు పెద్దవాళ్లు ఆగిపోతారు. మొదలుపెట్టే ముందే ‘నేను మాట్లాడను, తల మాత్రం ఊపుతాను, మీరు చెబుతూ ఉండండి’ అని చెప్పండి.

జవాబు అయిపోయిందనిపించగానే తర్వాతి ప్రశ్నకు దూకకండి. మనసులో నాలుగు లెక్కపెట్టండి. ఆ ఖాళీని భరించలేక ఎదుటివాళ్లు ఇంకో వాక్యం చెబుతారు, చాలాసార్లు అదే ప్రసారంలో నిలిచే వాక్యం.

తరచి అడగడం ఎలా ఉంటుందో చూపించడానికి ఒక కల్పిత సంభాషణ ఇది. చెరువు పూడికతీత గురించి ఒక సర్పంచ్‌తో అనుకోండి. ఇందులో వచ్చే ఎం.బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం.

— చెరువు పూడిక తీయించామండీ, రైతులంతా చాలా సంతోషంగా ఉన్నారు.
— ఎన్ని ట్రాక్టర్ల మట్టి తీశారు?
— చాలా తీశారండీ, రెండు నెలలు తీశారు.
— ఆ లెక్క ఎవరు రాశారు?
— వర్క్ ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. ఎం.బుక్‌లో ఉంటది.
— ఆ ఎం.బుక్ మీరు చూశారా?
— … లేదండీ. బిల్లు పాసయ్యాకే మాకు తెలిసింది.

ఇందులో గొంతు పెంచిన ప్రశ్న ఒక్కటీ లేదు. ‘అవినీతి’ అనే మాటే రాలేదు. ఎంత, ఎవరు రాశారు, మీరు చూశారా, అంతే. ఇదే మొదట్లోనే ‘పూడికతీతలో అవకతవకలు జరిగాయంటున్నారు, మీరేమంటారు?’ అని అడిగితే, ప్రతిపక్షాల కుట్ర అని ఒక జవాబు వచ్చి అక్కడితో అయిపోయేది. పెద్ద మాట వాడితే పెద్ద మాటే తిరిగొస్తుంది.

ప్రశ్న దాటేస్తే అదే ప్రశ్నను అవే మాటలతో ఇంకోసారి అడగండి. మాటలు మారిస్తే కొత్త ప్రశ్న అనుకునే అవకాశం వాళ్లకు దొరుకుతుంది. రెండోసారీ దాటేస్తే, ‘ఈ ప్రశ్నకు జవాబు రాలేదు, ముందుకు వెళ్దాం’ అని మామూలు గొంతుతో అని వదిలేయండి. మూడోసారి, నాలుగోసారి అడగడం వినేవాళ్లకు పోట్లాటలా ఉంటుంది, సానుభూతి అవతలివైపు పోతుంది.

రేడియోలో చేతులు కనబడవు. ‘నీళ్లు ఇంత ఎత్తు వచ్చినయ్’ అని చేయి పెట్టి చూపిస్తే, వెంటనే ‘మోకాలి దాకానా, నడుము దాకానా?’ అని అడగాలి. ‘అక్కడ’, ‘ఈయన’, ‘ఆ టైములో’ అన్నప్పుడల్లా పేరు, చోటు, సంవత్సరం చెప్పించండి. పది నిమిషాలకోసారి గెస్టు పేరు, పని మీ ప్రశ్నలో కలిపి చెప్పండి, సగంలో రేడియో పెట్టినవాళ్ల కోసం. ‘సత్తయ్యగారూ, మీరు నలభై ఏళ్లుగా ఒగ్గుకథ చెబుతున్నారు కదా…’ అన్నట్టు.

పిలుపు విషయంలో ఒక నియమం పెట్టుకోండి. వయసు, హోదా, కులం ఏదైనా సరే, మైకు ముందున్న ప్రతి ఒక్కరూ ‘మీరు’, ‘గారు’. కలెక్టర్‌ను గారు అని, కూలి పనికి వెళ్లే అమ్మను ‘నువ్వు’ అంటే రేడియో ఆ తేడాను ఊరంతా వినిపిస్తుంది. ఊళ్లో వాడుక ప్రకారం ‘అవ్వా’, ‘పెద్దయ్యా’, ‘అక్కా’ అని పిలవడం ఆత్మీయంగానే ఉంటుంది, పక్కనే ‘మీరు’ ఉండాలి. యాస దగ్గర మాత్రం వాళ్లను దిద్దకండి. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలాగే, పాలమూరు మనిషి పాలమూరులాగే మాట్లాడాలి. అర్థం కాదనుకున్న మాట వస్తే మీ తర్వాతి ప్రశ్నలో దాని అర్థం కలిపేయండి.

కోయడం, అతకడం

27 నిమిషాల కార్యక్రమానికి 50 నుంచి 70 నిమిషాల రికార్డింగు చాలు. రెండు గంటలు మాట్లాడించుకొస్తే ఏది ఉంచాలో తెలియక వారం పోతుంది. కోసే ముందు మొత్తం ఒకసారి విని, నిమిషం, సెకను వేసుకుంటూ కాగితం మీద సారాంశం రాసుకోండి. సాఫ్ట్‌వేరుకు ఆడాసిటీ ఉచితం, ఈ పనికి అంతకంటే అక్కర్లేదు.

తెలుగు వాక్యానికి ప్రాణం చివర్లో ఉంటుంది. ‘కాదు’, ‘లేదు’, ‘అనుకున్నాం’, ‘అట’, ‘అంటున్నారు’ అన్నీ వాక్యం తోకలోనే వస్తాయి. ‘ఆ డబ్బు వాళ్లే తీసుకున్నారు అని ఊళ్లో అంటున్నారు, నేనైతే చూడలేదు’ అన్న వాక్యాన్ని, సమయం కుదించాలని ‘తీసుకున్నారు’ దగ్గర కోశారనుకోండి. గెస్టు చెప్పిన పుకారు గెస్టు చేసిన ఆరోపణ అయిపోతుంది. పరువు నష్టం కేసు, న్యాయ సంహిత 356వ సెక్షన్, గెస్టుకూ మీకూ కలిపి. కోసిన ప్రతి వాక్యానికీ అసలు తోక ఏమిటో మళ్లీ విని చూసుకోండి. జవాబుల వరస మార్చొచ్చు. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును ఇంకో ప్రశ్న కింద పెట్టకూడదు.

ఊపిరి కోసేయకండి, ఊపిరి లేని మాట యంత్రంలా ఉంటుంది. కోత ఎప్పుడూ ఊపిరికి ముందు పడాలి, తర్వాత కాదు. కష్టమైన ప్రశ్న తర్వాత వచ్చిన మౌనాన్ని రెండు, మూడు సెకన్లు అలాగే ఉంచండి. పొడవుగా ఉన్నచోట తగ్గించొచ్చు, లేనిచోట పెంచడం మాత్రం మోసం.

చివరగా ధ్వని స్థాయి. పాడ్‌కాస్ట్‌కైతే స్టీరియో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సగటు బిగ్గరతనం కొలత), మోనో మైనస్ 19, పీక్ మైనస్ 1 దాటకుండా. స్టేషన్‌కైతే వాళ్ల ఇంజినీరు ఎంత చెబితే అంత. హెడ్‌ఫోన్స్‌లో బాగుందని సంతృప్తిపడకండి. ఫోన్ స్పీకర్లో, ట్రాక్టర్ మీదో ఆటోలోనో ఒకసారి వినండి. చాలామంది వినేది అలాగే.

పరిచయం అన్నిటికంటే ఆఖర్న రాయాలి, 40 సెకన్లు దాటకూడదు. బిరుదులూ, పురస్కారాలూ వరసపెట్టి చదవడం సభల్లో చెల్లుతుంది. రేడియోలో ఆ మనిషి ఎవరో ఒక వాక్యం, ఆమె ఇవాళ ఏ సంగతి చెప్పబోతున్నారో ఇంకో వాక్యం, అంతటితో ఆమె గొంతు రావాలి.

దూరంగా ఉన్నవాళ్లయితే

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగువాళ్లతో మాట్లాడాలంటే వాట్సాప్ కాల్ రికార్డింగు మీద ఆధారపడకండి, నెట్ తగ్గినప్పుడల్లా మాట మింగేస్తుంది. కాల్‌లో మాట్లాడుకుంటూనే వాళ్లను తమ రెండో ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నోటికి జానెడు దూరంలో పెట్టుకోమనండి. మీ వైపు మీరు రికార్డు చేయండి. మొదట్లో వాళ్లు ఒకసారి చప్పట్లు కొట్టాలి, కాల్‌లో ఆ చప్పుడు మీ రికార్డింగులోనూ పడాలి. ఆ చప్పుడును ఆనవాలుగా పెట్టుకుని రెండు ఫైళ్లనూ జరుపుకోవచ్చు. కాల్‌లో కాస్త ఆలస్యం ఉంటుంది కాబట్టి మాటకూ మాటకూ మధ్య ఎడం చూసి చేత్తో సరిచేయాలి. అరగంట దాటితే రెండు పరికరాల గడియారాల తేడా వల్ల ట్రాకులు మళ్లీ జారతాయి. పది నిమిషాలకోసారి ఇంకో చప్పట్లు కొట్టించండి. ఫైలు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, నాణ్యత తగ్గకుండా వస్తుంది.

ప్రసారమయ్యాక గెస్టుకు ఒక కాపీ పంపండి. ఫైలు పేరులో తేదీ, గెస్టు పేరు, విషయం ఉండాలి, ‘ఫైనల్ కొత్త 2’ అని పెడితే ఆరు నెలలకు మీకే దొరకదు. అసలు రికార్డింగు, ప్రసార కాపీ, సమ్మతి రికార్డింగు, ప్రశ్నల కాగితం ఫొటో నాలుగూ ఒకే ఫోల్డర్లో, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఆ రెండో డిస్కు స్టేషన్‌లో కాకుండా ఇంకెక్కడైనా ఉంచండి.